గాలి అటు, అల ఇటు

అవుటర్ హార్బర్‌లో రాత్రి రెండున్నర.
బొగ్గు ఓడ రావాలి. రాలేదు.
టగ్గు ఇంజిను గొంతు తగ్గించి గురక పెడుతోంది.
ఎదురుచూడడం కూడా నా డ్యూటీయే,
జీతంలో సగం దానికే ఇస్తారు.

ఆయిలు చేతులు పాత లుంగీ గుడ్డకి తుడిచి
సంచిలోంచి దాన్ని తీస్తాను.
డైమండ్ పార్కు పక్క సందులో
ఇంజినీరింగు కుర్రాడొకడు పరీక్ష ఫీజుకని అమ్మేసిన
రెండు చేతుల వెడల్పు ఆటపెట్టె.
ఎడమ పుల్ల కొంచెం పడమటికి లాగుతుంది.
ఇప్పుడా లాగుడు లేకపోతే
నాకు తిన్నగా నడవడం రాదు.

వందల కోట్లు పోసి కట్టిన లోకాలు అందులో.
మంచుకొండ మీద నా గుర్రం,
నేను దిగితే చాలు, మెడ వంచి గడ్డి వెతుక్కుంటుంది.
ఆ గడ్డి ఒక్కో పోచా ఎవరో కూర్చుని గీసి ఉంటారు.
వాళ్ళకీ నైట్ షిఫ్టు ఉండే ఉంటుంది.
ఎప్పుడూ వాన కురిసే ఊరొకటి,
అక్కడ నేను హంతకుణ్ణి పట్టుకోవాలి.
పట్టుకోను. నూడిల్స్ బండి కింద నిలబడి
రేకు మీద చినుకులు వింటాను.
చచ్చిన రాజుల కోట ఇంకోటి.
గేటు కాడి రాక్షసుడు నన్ను
నూట పద్నాలుగు సార్లు చంపాడు.
వాడి మీద కోపం ఎప్పుడో పోయింది,
ఇప్పుడు వట్టి పలకరింపే.

ఒక్కో లోకం దిగడానికి
మల్కాపురంలో మా మేడ మీది వైఫైకి మూడు రాత్రులు.
"ఏటా దీపాలు, నిద్దరట్టదు" అని
రౌటరు మీద పసిదాని లంగా కప్పుతుంది మా హైమ.

అన్నిట్లోకీ నాకు ప్రాణం ఓడల ఆట.
రోజంతా సముద్రం మీద ఉండి
రాత్రి మళ్ళీ సముద్రమేనా అంటే
ఏం చెప్పను,
అందులో నేను ఇంజిను గదిలో ఉండను.

ఈ రాత్రి వెనక ఎవరో నిలబడ్డారు.
సరంగు గరికిన ఎల్లాజీ,
హుద్‌హుద్ నాడు టగ్గు దిగని మనిషి,
చేతిలో టీ గ్లాసు, నోట్లో ఆర్పిన చుట్ట.
చూసి, చూసి,
"గాలి అటు, అల ఇటు.
ఎవుడ్రా కట్టీసినాడు ఈ సముద్రాన్ని?"

తెరచాప కేసి చూశాను.
నిజమే.
రెండు వందల గంటలు తిరిగాను ఆ నీళ్ళలో,
ఒక్కసారీ కంటపడలేదు.

"ఓపాలి ఇలాగియ్యి."

మోకులు లాగిన బొటనవేళ్ళు,
ఒక్కోటి రెండేసి బటన్ల మీద పడుతుంది.
ఎదురుగా మూడు శత్రువుల ఓడలు.
దాడి చెయ్యమని ఎర్ర అక్షరాలు.
ఇంగ్లీషు ఎర్రగా ఉన్నా నల్లగా ఉన్నా ఆయనకొకటే.
చాప దించడం దేనికని ఒక్క మాట అడిగాడు.
ఫిరంగి గుళ్ళు అటూ ఇటూ నీళ్ళు లేపుతుంటే
వానలో సైకిలు తొక్కేవాడిలా
తల కొంచెం వంచుకుని, ఆ మూడింటినీ చుట్టుకొని
దూరాన బొమ్మకోసం పెట్టిన రేవుకి పట్టించాడు.
ఆ రేవుకి ఎవరూ వెళ్ళక్కర్లేదు, ఆటలో దానికి పేరు కూడా లేదు.
ముక్కు ఆపి, తోక తిప్పి,
"ఈజీ... ఈజీ..." పెదాల్లోనే,
రాతిగట్టుకు చెక్క ఆనింది.
పెట్టె అరచేతుల్లో కోడిపిల్లలా ఒక్కసారి వణికింది.

తెర నల్లబడి ఏదో రాసింది.
"ఏటంతంది?"
"ఓడిపోయామంట. యుద్ధం చెయ్యలేదని."
"ఓడకి దెబ్బ తగిలిందా?"
"లేదు."
"మనుషులో?"
"అందరూ ఉన్నారు."
"మరింకేటి,"
పెట్టె నా ఒళ్ళో పడేసి
చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

వాకీటాకీ గరగరలాడింది.
డాల్ఫిన్స్ నోస్ వారన
బొగ్గు ఓడ దీపాలు మూడంతస్తుల ఇల్లులా నడిచొస్తున్నాయి.
సరంగు పైకి, నేను కిందికి.

మళ్ళీ ఆడతావా, అని అడుగుతోంది తెర.
అవును, కాదు, రెండూ నొక్కలేదు.
సంచిలో, తొమ్మిది శాతం బ్యాటరీతో,
అక్షరాల వెనక కట్టేసిన ఓడ
తప్పుడు అలల మీద ఊగుతోంది.